మూడో ప్రూఫు

నరసాపురం కాలవగట్టున బులిరాజుగారి ప్రెస్సులో
పేజీకి ముప్పై పైసలు నాకు,
అచ్చుతప్పులు పట్టడానికి.
అబద్ధాలు పట్టమని ఎవరూ అడగలేదు.

వశిష్ఠ ఎర్రబడ్డ వారంలో వచ్చిందో యుద్ధం నవల.
కథంతా హవల్దారు గవర్రాజు చెబుతాడు,
బర్మా అడవుల్లోంచి కాళ్లీడ్చుకుంటూ వెనక్కొచ్చిన కథ.
మొదటి వాక్యం: "నేను చెప్పేదంతా కళ్లారా చూసిందే."
అలా మొదలెట్టేవాణ్ణి
మా అమ్మయితే గుమ్మంలోనే ఆపేసేది.

అమ్మ లేసు అల్లేది.
తప్పు కుట్టు కంటికి కనబడదే, వేలికి తగులుద్ది అనేది.
నేనూ వేలు పెట్టే చదివాను గవర్రాజుని.

పందొమ్మిదో పేజీలో ఏరు దాటబోయేవాళ్లు ఐదుగురు.
యాభై ఏడులో, ఇంకా ఎవరూ పోకముందే,
నాలుగు పళ్లేలు కడిగి బోర్లించాడు.
యేసుపాదం పోగొట్టుకున్న బూటు ఒకచోట ఎడమకాలిది,
ఒకచోట కుడిది,
ఇంకోచోట అసలు బూట్లే లేవు,
మొగల్తూరోడికి బురదలో బూట్లెందుకన్నాడు.
చింద్విన్ ఏట్లో పులస దొరికిందన్నాడు చూడండి,
అక్కడ ఆగిపోయాను.
"అబద్ధం. పులస గోదారిదే" అని పక్కన రాసి
కింద రెండు గీతలు కొట్టాను.

బులిరాజుగారు చుట్ట పక్కన పెట్టి నవ్వారు.
"రంగూన్లో మా పెదనాన్న తిన్నాడమ్మా, అక్కడి పేరు వేరు.
ఇక్కడ మాత్రం? సముద్రంలో ఉన్నన్నాళ్లూ విలసే,
ఎర్రనీటికి ఎదురీదాకే పులస.
చేప అదే. ఆయ్."

అంటే నేను అబద్ధమన్నది నిజం.
మరి నిజమని వదిలేసినవి?

వెనక్కి తిరగేశాను.
యేసుపాదం జ్వరంతో పోయాడని చెప్పే పేజీ
ఎంత శుభ్రంగా ఉందో. ఒక్క దిద్దుబాటు లేదు.
చెప్పి చెప్పి అరిగిన మాటలు,
రేవులో కింది మెట్టులా నున్నగా, పాచిగా.
బూటు దగ్గర తడబడ్డాడు, లెక్క దగ్గర తడబడ్డాడు,
చావు దగ్గర తడబడలేదు.

నవలంతా "మేం" అంటాడు.
మేం నడిచాం, మేం నక్కాం, మేం ఆకులు నమిలాం.
వినేవాణ్ణి ఒడ్డునే నిలబెట్టే మాట అది.
ఒక్కచోట, రెండొందల మూడో పేజీ, కింద నుంచి నాలుగో వరస:
"ఆ రాత్రి మనం పడవ దాకా వచ్చాం. పడవ చిన్నది."

మనం.
నాతో కాదు, నేనప్పటికి పుట్టలేదు.
పడవ దాకా వచ్చి
పడవెక్కనివాడు ఒక్కడే ఆ ఒడ్డున.
జ్వరం లేదు వాడికి. నడిచే వచ్చాడు.
ఇన్ని పేజీలూ వాడికి చెప్పుకుంటున్నాడు గవర్రాజు,
మేం చాటుగా విన్నాం.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను.
అప్పుడు చేసింది, "మనం" కొట్టేసి "మేం" అని దిద్దడం.
కంపోజిటరు వీరాస్వామి పట్టకారుతో
ఆ సీసపు అక్షరం పీకి గూట్లో పడేశాడు.
టిక్కుమంది.

పుస్తకాలు తీసుకోడానికి రచయిత సఖినేటిపల్లి నుంచి పంటు మీద వచ్చాడు.
పొట్టిమనిషి, ఎడమకాలు ఈడుస్తాడు.
ఏ పేజీ తీశాడో చూడనట్టే చూశాను.
చాలాసేపు చూసుకుని మూసేశాడు.
బేరమాడలేదు. గొడుగు మర్చిపోయి వెళ్లాడు.

అర్థం కాకముందే దిద్దేశాను, రెండో ప్రూఫులో,
అని అడిగినవాళ్లందరికీ చెబుతాను.
ఎక్కడా తడబడను.

మూడో ప్రూఫు కూడా నా చేతికే వచ్చింది.